పై సగం

వెనిల్లా వద్దన్నారు. కారమెల్ కాలిన వాసన అన్నారు. హేజల్‌నట్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, తెలియకపోయినా వద్దన్నారు. నిజానికి నోటితో ఎవరూ ఏమీ అనలేదు. రొయ్యల ఫ్యాక్టరీ ఆడవాళ్ళని కంపెనీ బస్సులో తెచ్చి, ల్యాబు ఏసీ గదిలో కూర్చోబెట్టి, పేపరు కప్పులో కాఫీ, పక్కన చెంచా ఇచ్చి, ఎలా ఉందమ్మా అని అడిగితే, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని బాగుందండీ అనేవారు. సగం తాగిన కప్పు కుర్చీ కింద పెట్టేసి వెళ్ళిపోయేవారు. ఆ కుర్చీల కింది కప్పులే నూకరత్నానికి అసలు జవాబు.

నూకరత్నం ఆ ల్యాబులో సిరప్‌ల మనిషి. కాఫీలో కలిపే తియ్యటి ద్రావకాలకి రుచి కట్టడం ఆమె పని. అనకాపల్లి దగ్గర బెల్లం వండే ఇంట్లో పుట్టింది, కెమిస్ట్రీ చదివింది, ఇప్పుడు ముక్కూ నాలుకా అద్దెకిచ్చి బతుకుతోంది. పెద్ద పెద్ద కాఫీ షాపుల కోసం ఎన్నో సిరప్‌లు చేసింది. ఈసారి అప్పగించింది మాత్రం షాపుకి పోయేది కాదు, ఫ్యాక్టరీ క్యాంటీనుకి పోయేది.

ల్యాబు పెద్ద డాక్టరు సోమశేఖరం చాలా ఏళ్ళుగా ఒకే సంగతి పట్టుకుని వేలాడుతున్నాడు. మనిషి అలిసిపోవడం ఒకటి, అలిసిపోయానని మనిషికి తెలియడం ఇంకొకటి. ఒంట్లోంచి మెదడుకి ఆ కబురు పోయే దారి ఒకటుంది. ఆ దారికి అడ్డం పడే పదార్థాన్ని ఆయన కనిపెట్టాడు. ల్యాబులో అందరూ దాన్ని 'మూత' అనేవారు. పని వేళ గడిచాక ఆ మూత తీసేది రెండో పదార్థం, దాని పేరు 'పిలుపు'. రెండూ ఒకే సిరప్‌లో పోతాయి. పిలుపు ఒంట్లో నిదానంగా మేలుకుంటుంది. మేలుకున్నాక, ఆపి ఉంచిన అలుపంతా ఒక్కసారి వచ్చి మీద పడుతుంది, మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోతాడు. పొద్దున్నకి చెల్లు.

అది పని చేస్తుందని నూకరత్నం తన కాళ్ళతో తెలుసుకుంది. ఒకరోజు పొద్దుణ్ణుంచీ పొయ్యిల దగ్గర నిలబడి పిక్కలు లాగుతుంటే, సోమశేఖరం గ్లాసులో కాఫీ పోసి, సిరప్ వేసి, గాజు కడ్డీతో గిరగిరా తిప్పి చేతికిచ్చాడు. కాసేపటికి ఆ కాళ్ళు తనవి కావన్నట్టు తేలికైపోయాయి. సాయంత్రం బస్సులోనే నిద్రపోయి తన స్టాపు దాటిపోయింది. అంతే తేడా.

అంతా బాగుంది కానీ మూత చేదు. ఇనప చువ్వని నాకినట్టుంటుంది. ఆ చేదుని కప్పే రుచి కావాలి, అదీ రోజూ తాగగలిగే రుచి. విదేశీ రుచులన్నీ ఓడిపోయాక నూకరత్నం తనకి పుట్టుకతో తెలిసినదాని దగ్గరికి వచ్చింది. నల్లబెల్లం, నాలుగు యాలకులు, ఒక్క మిరియం. పలచగా చెయ్యమన్నాడు సోమశేఖరం, మెషీనులో సులువుగా పోతుందని. ఆమె ఒప్పుకోలేదు. బెల్లం పలచనైతే పానకం అవుతుంది, కాఫీలో పానకం ఎవరు తాగుతారని అడిగింది. వేళ్ళ మధ్య తీగ సాగేదాకా ముదరబెట్టింది. మెషీను గొట్టం లావుది వేయించింది.

ఆ తర్వాత కుర్చీల కింద కప్పులు ఖాళీగా దొరికాయి. కొందరు అడుగున మిగిలిన పాకాన్ని వేలితో తీసుకు నాకారు. సోమశేఖరం ఆ రోజు ల్యాబంతటికీ కోవా తెప్పించాడు.

*

నూకరత్నం అప్ప, అంటే అక్క, పేరు అప్పలకొండ. ఆ రొయ్యల ఫ్యాక్టరీలోనే పని. వాళ్ళిద్దరే ఒక ఇంట్లో ఉంటారు. అప్పలకొండ మొగుణ్ణి వదిలేసి వచ్చి చాలా కాలమైంది. ఎందుకు వదిలేశావని అడిగితే, గురక పెడతాడు, నాకు నిద్ర ఉండదు అని నవ్వేసేది. నిద్ర ఆమెకి అంత ఇష్టం. మంచు నీళ్ళలో చేతులు పెట్టి, షిఫ్టంతా నిలబడి, రొయ్యల తలలు తుంచి, తోళ్ళు ఒలిచి వచ్చిన మనిషికి ఇంకేం ఇష్టం ఉంటుంది? గుమ్మంలో కూలబడేది. చెప్పులు విప్పుకోడానికి వంగే ఓపిక ఉండేది కాదు, చెల్లెలు వచ్చి విప్పేది. అన్నం ముందు మాట ఉండదు, అన్నం తర్వాత మనిషి ఉండదు.

క్యాంటీనులోకి ఆ కాఫీ మెషీను వచ్చాక ఆమె మారిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు తనే విప్పుకుని, కొంగు బిగించి, ఆ ఇంటికొచ్చాక ఎన్నడూ దులపని అటక దులిపింది. బొంతలు ఉతికింది. పక్కింటివాళ్ళ పెళ్ళికి సున్నుండలు చుట్టడానికి పిలవకుండానే వెళ్ళింది. ఆదివారం భీమిలి పోదామంది, సముద్రంలో మోకాలి లోతు దిగి కెరటం కెరటానికీ కేకలు పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆగకుండా మాట్లాడింది. చిన్నప్పుడు పోయిన తమ్ముడి గురించి, గురక మొగుడి గురించి, సూపర్‌వైజరు గోవిందరాజు విగ్గు గురించి. చెప్పి చెప్పి ఆఖరికి తనే ఆశ్చర్యపోయింది.

"నాకిన్ని కబుర్లున్నాయని నాకే తెల్దే, రత్నం."

ఆ మాట విని నూకరత్నం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ కాఫీలోని పాకం తను కట్టిందేనని అప్పటికి చాలాసార్లు చెప్పింది, మళ్ళీ చెప్పింది.

కొంతకాలం అలా గడిచింది. తర్వాత ఒక్కొక్కటే కనపడసాగాయి. అప్పలకొండ జాకెట్లు వదులయ్యాయి. చీలమండలు వాచి కాలి మెట్టెలు మాంసంలోకి దిగిపోయాయి. బొటనవేలు కత్తికి తెగితే, రక్తం ఎవరిదా అని చుట్టూ చూసిందట. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇద్దరూ చాప మీద ఒరిగారు. నూకరత్నానికి మెలకువ వచ్చి చూస్తే, అప్ప పక్కన కళ్ళు మూసుకుని పడుకునుంది, చేతి వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి. తుంచడం, ఒలవడం, పడెయ్యడం. నిద్రపోతున్నావా అంటే, పోతున్నానే అని టక్కున జవాబు చెప్పింది.

నాలుగు మాటలు గట్టిగా అడిగితే బయటపడింది. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. పడుకుంటే కళ్ళు మూతపడతాయి, అంతే. దాని గురించి బెంగ కూడా లేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు గుండె విని, ఈ మనిషి పరుగు పందెంలోంచి నేరుగా వచ్చిందా అని అడిగాడు. పూర్తిగా విశ్రాంతి కావాలన్నాడు. అప్పలకొండ నవ్వింది. అలుపే లేనిదానికి ఇస్రాంతి ఎందుకు బాబూ అంది. బయటికొచ్చి డబుల్ షిఫ్టుకి వెళ్ళిపోయింది. గోవిందరాజు ఆమె ఫోటో గోడ మీద పెట్టించాడు, ఈ నెల ఉత్తమ కార్మికురాలని.

*

అదే రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి ల్యాబుకి ఫిర్యాదులు మొదలయ్యాయి. కాఫీ అందరికీ ఒకేలా పని చెయ్యడం లేదట. సగం మంది ఆడవాళ్ళు యంత్రాల్లా ఉన్నారు, వాళ్ళతో పేచీ లేదు. మిగతా సగం షిఫ్టు మధ్యలోనే బల్ల మీదికి వాలిపోతున్నారు. వాలిపోయినవాళ్ళని గోవిందరాజు ఇంటికి పంపేస్తున్నాడు. సోమరి ఎవరో, పనిమంతులెవరో ఈ కాఫీ తేల్చేసిందని అక్కడ ఆఫీసులో జోకులు. సోమశేఖరానికి అది నచ్చలేదు. బ్యాచ్‌లో ఏదో తేడా ఉండాలి, వెళ్ళి చూసి రమ్మని నూకరత్నాన్ని పంపాడు.

ఆమె వెళ్ళి క్యాంటీనులో గోడ పక్కన నిలబడింది. విరామం గంట కొట్టారు. ఆడవాళ్ళు షెడ్డులోంచి తోసుకుంటూ వచ్చారు. ఆ ఫ్యాక్టరీలో పని జంటలుగా చేస్తారు, బల్లకి అటొకరు, ఇటొకరు. విరామం చిన్నది. కాఫీ మెషీను ఒకటే, మరుగుదొడ్లు రెండే. రెండు లైన్లలోనూ నిలబడితే విరామం అయిపోతుంది. అందుకని జంటలో ఒకరు మరుగుదొడ్డి లైనులో, ఒకరు కాఫీ లైనులో. కాఫీ లైనులో ఉన్న మనిషికి మెషీను ఒక్క కాఫీయే ఇస్తుంది, స్టీలు గ్లాసు నిండా దాన్నే పట్టుకొస్తుంది. అది వన్ బై టూ.

అప్పలకొండ జంట లోవకుమారి అని, ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల. అప్పలకొండ గ్లాసు పట్టుకొచ్చింది. ఖాళీ గ్లాసులోకి పై సగం వొంపుకుంది. అడుగు సగం, పాకం పేరుకున్న తియ్యటి సగం, లోవకుమారి చేతికిచ్చింది. పై సగం తను గడగడా తాగేసింది.

నూకరత్నం చుట్టూ చూసింది. ప్రతి బల్ల దగ్గరా అదే. వొంపే మనిషి పైది వొంపుకుంటోంది, తియ్యటిది ఎదుటి మనిషికిస్తోంది. కడుపుతో ఉన్నదానికి, జ్వరం వచ్చి లేచినదానికి, వయసులో చిన్నదానికి. చెంచా అన్నది ఆ క్యాంటీనులో ఎక్కడా లేదు.

 ఆమె అప్పని పలకరించకుండానే ల్యాబుకి తిరిగొచ్చి, స్టీలు గ్లాసులో కాఫీ పట్టి, కలపకుండా సగం వొంపింది. రెండు సగాలూ పరీక్షకి పెట్టింది. మూత తేలికగా కరిగి పైకి వచ్చేసింది. పిలుపు పాకాన్ని పట్టుకుని అడుగునే కూర్చుంది. పలచటి సిరప్ అయితే అలా కూర్చునేది కాదు. తీగపాకం కాబట్టి కూర్చుంది. ఆ పాకం ముదరబెట్టింది ఆమె చెయ్యే.

పై సగం తాగినవాళ్ళకి రోజూ మూత పడుతోంది, తీసేది లేదు. అడుగు సగం తాగినవాళ్ళకి మూత సరిగా పడకముందే పిలుపు వచ్చేస్తోంది. తియ్యటిది ఎదుటివాళ్ళకిచ్చిన ప్రతి మనిషీ నిద్ర పోగొట్టుకుంది. తీసుకున్న ప్రతి మనిషీ సోమరి అనిపించుకుంది.

సోమశేఖరం కాయితాలు చూసి కళ్ళజోడు తీసేశాడు. చాలాసేపు ముక్కు మీద గాట్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ సులువుగా ఉండేది.

"పాకం పలచన చేసెయ్యి రత్నం. కొత్త బ్యాచ్ పంపిద్దాం."

"ఇప్పటిదాకా తాగినవాళ్ళో, సార్?"

ఆయన చెప్పింది ఇది. పిలుపు ఒక్కసారిగా ఇస్తే, ఇన్నాళ్ళ అలుపు ఒక్క దెబ్బన దిగుతుంది, ఏ గుండె ఆగుతుందో చెప్పలేం. చుక్క చుక్కగా ఇవ్వాలి. చుక్కకి రోజుల తరబడి నిద్ర. మళ్ళీ చుక్క, మళ్ళీ నిద్ర. అలా నెలల పాటు మంచం మీద, పక్కన చూసే మనిషి ఉండాలి. ఎవరు పడుకోబెడతారు, జీతం ఎవరిస్తారు? ఆయన పైవాళ్ళకి రాశాడు, రాయలేదని కాదు. పైనుంచి జవాబు కూడా వచ్చింది. ఒక కప్పుని ఇద్దరు తాగడం నిబంధనలకి విరుద్ధం, కాబట్టి కంపెనీకి బాధ్యత లేదు. మెషీను మీద కాయితం అంటించారు, ఒక్కొక్కరూ ఒక్కో కప్పు తీసుకుని చెంచాతో బాగా కలుపుకుని తాగవలెనని. చెంచాలు పెట్టలేదు. రెండో మెషీనూ పెట్టలేదు. విరామం పెంచలేదు.

*

నూకరత్నం పిలుపు సీసా ఒకటి చేతిసంచీలో పెట్టుకుని ఇంటికొచ్చింది. అడిగితే ఇవ్వరు కాబట్టి అడగలేదు.

అప్పని ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పింది. పాకం సంగతి, తన చెయ్యి సంగతి కూడా దాచలేదు. ఇంట్లో పడుకో, నేను చూసుకుంటాను, నా జీతం చాలు అంది. అప్పలకొండ వింటూ చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూనే ఉంది. విన్నాక కూడా తీస్తూనే ఉంది. తనకేం జబ్బు లేదంది. ఆసుపత్రి డాక్టరుకి గుండె వినడం రాదంది. నూకరత్నం ఆమె కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, వాపు మీద వేలితో నొక్కి చూపించింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. అప్పలకొండ ఆ గుంట వైపు చూసి మొహం తిప్పుకుంది.

"నా బతుకులో ఒల్లు నొప్పి లేకుండా నిలబడింది ఇప్పుడేనే. మొన్న సముద్రం చూసినాను. దాన్నీ లాగీసుకుంతావేటి?"

 ఒప్పుకోకపోతే చచ్చిపోతావు అప్పా అంది నూకరత్నం. అప్పలకొండ చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

ఆమె అడిగిన ప్రశ్నలు మూడు. ఇలా పై సగం తాగినవాళ్ళు ఇంకెవరెవరు. వాళ్ళకీ ఈ సీసా సరిపోతుందా. చుక్క వేసుకుంటే ఎంత సేపట్లో పడిపోతాం. నూకరత్నం మూడింటికీ చెప్పింది, పిలుపు విడిగా నాలుక మీద పడితే కాసేపట్లోనేనంది. చెబుతూంటేనే అప్ప బుర్రలో ఏం తిరుగుతోందో ఆమెకి అర్థమైంది, వద్దని చెయ్యి పట్టుకుంది. నీ గుండె అందరికన్నా పాడైంది, నువ్వు మంచం మీదే వేసుకోవాలి, పక్కన నేనుండాలి అని బతిమాలింది.

"ఇంటికాడ పడుకుంతే సోమరిదంతారు. ఆళ్ళ కాడే పడుకుంతాను. నువ్వూ అక్కడే ఉండు."

ఆ తర్వాత రోజుల్లో ఆమె, అందరం ఒకే పొద్దు చుక్క వేసుకుని షెడ్డులోనే పడుకుందామని చెబుతూ బల్ల బల్లకీ తిరిగింది, ఎప్పట్లాగే రొయ్యలు ఒలుస్తూ, ఎప్పట్లాగే నవ్వుతూ. కొందరు నమ్మలేదు. ఒకామె, అలుపు మళ్ళీ తెచ్చుకోడానికి నాకేమైనా పిచ్చా అని తిట్టింది. ఇంకొకామె తన చేతులు వణకడం చూసుకుని, అడక్కుండానే ఒప్పుకుంది. కొత్త సిరప్ వచ్చింది. పలచగా, పానకంలా. దాన్ని ఎవరూ ఇష్టపడలేదు, అయినా తాగారు. తన మాట ఒప్పుకున్న పై సగం వాళ్ళని మాత్రం అప్పలకొండ దాన్ని ముట్టనివ్వలేదు.

*

పొద్దుటి షిఫ్టు మొదలైన కాసేపటికి, ల్యాబు కార్డు చూపించి నూకరత్నం షెడ్డులోకి వచ్చింది. నమూనాలకని చెప్పింది. చుక్కలు కొలిచే గాజు గొట్టం తనతో తెచ్చుకుంది. చుక్క లెక్క తప్పకుండా మోచేతిని బల్లకి ఆనించుకుంది. ముందుకొచ్చిన ఒక్కొక్కరి నాలుక మీద ఒక్కొక్క చుక్క. ఎక్కువ కాకూడదు. చివర అప్పలకొండకి వేసేటప్పుడు చుక్కని సగం చేసింది. 

లోవకుమారి గోనెసంచులు పరిచింది. పై సగం తాగినవాళ్ళు గ్లవ్స్ తీసి బల్ల మీద వరసగా పెట్టి, చేతులు కడుక్కుని, ఆ సంచుల మీద పక్కపక్కన కూర్చున్నారు. కాసేపు ఏమీ కాలేదు. ఎవరో గోవిందరాజు విగ్గు మాట ఎత్తితే నవ్వులు వచ్చాయి. ఆ నవ్వు మధ్యలోనే ఒకామె పక్కకి ఒరిగింది. తర్వాత ఇంకొకామె. అప్పలకొండ చెల్లెలి భుజం పట్టుకుంది. మొహంలో రంగు దిగిపోయింది. నడుం మీద చెయ్యేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఎవరో తెలిసిన మనిషి గుమ్మంలోకి వచ్చినట్టు చూసింది.

"ఇదేనా," అంది. "ఇంత మోసినానేటి నేను."

ఇంకేదో అనబోయింది. నోరు కదలలేదు. నూకరత్నం ఆమెని మెల్లగా వెనక్కి వాల్చింది.

గోవిందరాజు వచ్చాడు. ముందు అరిచాడు. తర్వాత ఒకామెని భుజం పట్టి కుదిపాడు, ఇంకొకామె మొహం మీద మంచు నీళ్ళు చల్లాడు. నీళ్ళు చెంప మీంచి జారి చెవిలోకి పోయాయి, ఆమె కదలలేదు. అతను భయపడ్డాడు. అంబులెన్సుకీ, మేనేజరుకీ ఫోను చేశాడు. మేనేజరు వచ్చేసరికి షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. బల్లల మీద రొయ్యలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళు, నిద్ర ముంచుకొచ్చి ఇంటికి పంపబడి మళ్ళీ వచ్చినవాళ్ళు, ఏమీ తాగనివాళ్ళు, తమ తమ చోట్ల నుంచి వచ్చి ఆ గోనెసంచుల చుట్టూ నిలబడ్డారు. లోవకుమారి నిలబడలేక కూర్చుంది. ఆమెని చూసి ఇంకొందరు కూర్చున్నారు.

వీళ్ళని బయటికి మోయించమన్నాడు మేనేజరు. మొయ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు. మోస్తే ఆ కుదుపుకి గుండె ఆగొచ్చని నూకరత్నం చెప్పింది, డాక్టర్నీ మంచాల్నీ ఇక్కడికే తెప్పించమంది. లేచేదాకా జీతం, పక్కన మనిషి, డాక్టరు, ఇవి రాసివ్వమంది. అతను ఆమె కార్డు చూసి, నువ్వు ల్యాబు మనిషివి కదా అన్నాడు. ఔనంది. ఉద్యోగం పోతుందన్నాడు. తెలుసంది.

అతను కిందికి చూశాడు. పక్కపక్కన పడి ఉన్న ఒళ్ళు. వాచిన కాళ్ళు, తెల్లగా నానిపోయిన వేళ్ళు. గొంతు తగ్గించాడు.

"ఎప్పటికి లేస్తారు వీళ్ళు?"

"అలుపు తీరాక."

"అదే, ఎప్పటికి తీరుతుంది?"

అది నూకరత్నానికీ తెలియదు. తెలియదనే చెప్పింది. అప్ప మణికట్టు పట్టుకుని నాడి వెతుక్కుంది. మొదట దొరకలేదు. వేళ్ళు కొంచెం పక్కకి జరిపింది. దొరికింది, చాలా సన్నగా, ఆగి ఆగి. బయట అంబులెన్సు చప్పుడు వినిపిస్తోంది, గేటు దగ్గర ఎవరో తియ్యాలా వద్దా అని వాదిస్తున్నారు. ఆమె లేచి వెళ్ళలేదు. తడి నేల మీద చతికిలబడి, వీపుని బల్లకోడుకి ఆనించి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది.